అమ్మ తెరిపించిన కళ్ళు

ఈమధ్య కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, నాకు ఒళ్ళంతా బరువెక్కిపోతోంది. కళ్ళజోడు జారుతుంది, మెడ పట్టేస్తుంది, మౌస్ పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర లాగుతుంది. మా అబ్బాయి కిరణ్ ఒక్కో పెళ్ళికి వేలకు వేలు ఫొటోలు తీసుకొచ్చి నా ముందు గుమ్మరిస్తాడు. పెళ్ళికూతురు ఒక్కసారి నవ్వితే ఆ ఒక్క నవ్వుకీ పాతిక ఫొటోలు. వాటిలో ఏది బాగుందో నేను చూడాలి. చూశాక మొటిమలు తీసెయ్యాలి, మెడ కింద ముడత తీసెయ్యాలి, పెళ్ళికొడుకు మేనమామ పొట్ట కాస్త లోపలికి నెట్టాలి. అన్నీ అయ్యేసరికి అందరి మొహాలూ ఒకే కొట్లో కొన్న స్టీలు గిన్నెల్లా తళతళలాడుతుంటాయి. గుడివాడలో మేం స్టూడియో పెట్టిన కొత్తలో, ఆడమనిషి కెమెరా పట్టుకుందని మండపంలో జనం పెళ్ళికూతుర్ని మానేసి నన్ను చూసేవాళ్ళు. అప్పుడు ఓపిక ఉంది కాబట్టి పడ్డాను. మా ఆయన పోయాక కూడా ఎలాగో లాక్కొచ్చాను. ఇప్పుడు కెమెరా మోసే సత్తువ లేదు, అందుకని నాకు ఈ కుర్చీ మిగిలింది.

మొన్న కిరణ్ మళ్ళీ కొత్త లెన్సు కావాలన్నాడు.

"ఉన్నదానికేమొచ్చిందిరా?" అన్నాను.

"దీంతో తీస్తే వెనకదంతా కరిగిపోయినట్టు వస్తుందమ్మా. మనుషులు మాత్రమే కనిపిస్తారు."

"వెనక పల్లెటూరు కనబడాలనేగా పొద్దున్నే లేచి పెళ్ళిజంటల్ని అంత దూరం తీసుకెళ్ళేది? తీసుకెళ్ళి మరీ కరిగించడం దేనికి?"

"నీకు చెప్పలేను బాబూ," అని డ్రోన్ బ్యాటరీలు బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోయాడు.

వాడు చెప్పలేడు, నాకూ వినే ఓపిక లేదు. ముదినేపల్లి వైపు చేల గట్ల మీద పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకుంటారు ఈ కాలం పిల్లలు. తీరా చూస్తే అక్కడ చేలెక్కడున్నాయి? రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. "ఆంటీ, ఆ చెరువులు తీసేసి పచ్చగా వరి పెట్టండి," అంటుంది పెళ్ళికూతురు. పెడతాను. ఆ చెరువులు తవ్వించింది వాళ్ళ నాన్నే అని నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. తవ్విన చెరువు పూడ్చడం వాళ్ళ తరం కాదు, నేను మాత్రం మధ్యాహ్నం కాఫీ చల్లారేలోపు పూడ్చి నాట్లు వేసేస్తాను. ఇలా ఈ జిల్లాలో నేను పండించినంత వరి ఏ రైతూ పండించి ఉండడు. నవ్వొస్తుంది గానీ, రోజంతా అదే పనైతే నవ్వు కూడా అలిసిపోతుంది.

పోయిన వానాకాలంలో మా అమ్మ పోయింది. చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. పెద్దకర్మకి పటం పెట్టాలి కదా, అందరూ "నీకేంటమ్మా, ఇంటినిండా ఫొటోలే" అన్నారు. పెట్టెలన్నీ దింపి వెతికితే అసలు సంగతి బయటపడింది. అమ్మవి ఉన్నవే ఐదారు. అన్నిట్లోనూ కళ్ళు మూసుకునే ఉంది. కెమెరా తన వైపు తిరిగితే రెప్ప వాల్చేసేది, అది ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం. ఫొటోగ్రాఫర్ భార్య, ఫొటోగ్రాఫర్ తల్లి, ఫొటోగ్రాఫర్ అమ్మమ్మ, అయినా ఒక్క ఫొటోలో కళ్ళు తెరవలేదు. ఉన్నవాటిలో బాగున్నది మా నాన్న తీసింది. అమ్మ తన పనిబల్ల ముందు కూర్చుని ఉంది, నిండా ముప్పై ఉండవు, పెదవి చివర చిన్న నవ్వు, కళ్ళు మాత్రం మూతలు పడి ఉన్నాయి. "మూసుకున్న కళ్ళకి దణ్ణం ఎలా పెడతామే?" అంది మా మేనత్త. కిరణ్ వెంటనే ఫోను తీసి ఏదో నొక్కాడు. క్షణంలో అమ్మ కళ్ళు తెరిచింది. పెద్ద పెద్ద కళ్ళు, తీర్చిన రెప్పలు, టీవీ సీరియల్లో కొత్తకోడలి కళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. "తీసెయ్ ముందు అది!" అని అందరి ముందూ కేకలేశాను. చివరికి కుర్చీలో అమ్మ కళ్ళజోడు పెట్టి దానికే దండ వేశాం. వాడు అంతకుముందే తెచ్చిపెట్టిన ఫ్రేము మాత్రం హాల్లో మేకుకి ఖాళీగా వేలాడుతూ ఉండిపోయింది. ఎంతమంది తల్లుల ఫొటోలు నా చేతిమీదుగా గోడలెక్కాయో. మా అమ్మ నా వైపు చూస్తున్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

అలా ఉండగా నాంచారయ్య వచ్చాడు. నా ఈడు మనిషే, కాస్త చిన్నవాడేమో. నాగాయలంక దాటి సముద్రం వైపు వాళ్ళ పల్లె, ఒకప్పుడు వేటకి వెళ్ళేవాడు, ఇప్పుడు ఎండుచేపల వ్యాపారం. ఉతికిన తువ్వాల్లో చుట్టిన పటం ఒకటి సంకలో పెట్టుకుని, గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. పటం తిప్పి వెనక అట్ట మీద ముద్ర చూపించాడు. బందరులో మా నాన్న స్టూడియో ముద్ర. ఊదారంగు సిరా వెలిసిపోయింది గానీ అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి.

"బందరులో అడిగితే ఆయన పోయి చానా కాలమైందన్నారండి. అమ్మాయిగారు గుడివాడలో ఇదే పని చేస్తున్నారంటే వచ్చాను."

పటంలో పడుచుదనం పోని ఒక ఆడమనిషి. ఛాతీ వరకే ఉంది. మొహం నిండా తెల్లమచ్చలు. "మచ్చలు తీసెయ్యొచ్చండి, కొత్తదానిలా చేసిస్తాను," అన్నాను.

"మచ్చలు సరేనండి. కళ్ళు మార్చాలి."

"కళ్ళా?"

"మా అమ్మండి ఆవిడ, తిరపతమ్మ. పోయాక తీసిన ఫొటో ఇది. నాకప్పటికి ఊహ కూడా తెలీదు. మా పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క, ఆవిడే నన్ను పెంచింది. ఈ పటం చూసినప్పుడల్లా 'మొహం దానిదే, కళ్ళు ఎవత్తివో' అంటదండి. ఇప్పుడు మంచం పట్టింది. 'నా చెల్లి కళ్ళు ఒక్కసారి చూసి పోతాన్రా' అని ఒకటే గోల."

"మరి అసలు కళ్ళు ఎలా ఉండేవో తెలియాలిగా?"

"ఇన్నాళ్ళూ తెలీకే ఊరుకున్నామండి. ఉప్పెనకి మా ఇల్లే లేదు. ఈ పటం అప్పుడు చల్లపల్లిలో మా మావయ్య ఇంట్లో ఉండబట్టి దక్కింది. మొన్న చుట్టాలింట్లో ఇది దొరికింది," అని జేబులోంచి కవరు తీశాడు. ఎవరిదో పెళ్ళి గుంపు ఫొటో. వెనక వరసలో చివరన తిరపతమ్మ, మొహం మినపగింజంత. అయినా కళ్ళు తెరిచే ఉంది. రెండూ నా దగ్గర పెట్టి, ఎండురొయ్యల పొట్లం ఒకటి వద్దన్నా బల్ల మీద పెట్టి, బస్సుకి వేళవుతోందని వెళ్ళిపోయాడు.

చనిపోయినవాళ్ళ ఫొటోలు అంటే ఇప్పటి పిల్లలు భయపడతారు గానీ, మా చిన్నప్పుడు మా ఇంట్లో అది మామూలు మాట. ఆ రోజుల్లో బతికుండగా ఫొటో దిగినవాళ్ళెంతమంది? ఎవరైనా పోతే, రేపు గోడ మీద దణ్ణం పెట్టుకోవడానికి ఒక రూపం ఉండాలని అప్పుడు గుర్తొచ్చేది. బందరులో మా ఇంటి ముందుగది స్టూడియో, నడవ పక్కన చీకటిగది, వెనక వంటిల్లు. ఇల్లంతా ఫొటోలు కడిగే హైపో మందు వాసన. ఆ పుల్లటి ఘాటులోంచే అమ్మ పెట్టే చింతపండు చారు వాసన వచ్చేది, ఏది ఏదో మాకు తెలిసేది కాదు. దివిసీమ నుంచి తెల్లవారకుండానే మనిషి వచ్చేవాడు. నాన్న మారుమాట లేకుండా స్టాండు కెమెరా, నల్ల ముసుగుగుడ్డ సర్దుకుని బయల్దేరేవాడు. బస్సు, బస్సు దిగాక పడవ, పడవ దిగాక ఇసుకలో నడక. పొద్దు వాలేవేళకి తిరిగొస్తే పెరటి దారినే రావాలి. అమ్మ నూతి దగ్గర నీళ్ళు తోడి ఆయన నెత్తిన పోసేది. కెమెరాకి స్నానం చేయించలేం కదా, అందుకని దాని స్టాండు కాళ్ళు మూడూ పసుపునీళ్ళతో కడిగేది. "లెన్సు మీద ఒక్క చుక్క పడిందో చూడు," అని నాన్న తడిబట్టలతోనే వణుకుతూ అరిచేవాడు. "మీ లెన్సుని ఎవరు ముట్టుకున్నారండీ, దాని మడి దానిది," అనేది అమ్మ.

ఫొటో తీయడం నాన్న పని, కళ్ళు తెరిపించడం అమ్మ పని. పోయినవాళ్ళని గోడకి ఆనించి కూర్చోబెట్టి తీస్తారు కదా, కళ్ళు మూసుకుని ఉంటాయి. నెగెటివ్ మీద అమ్మ వాటిని తెరిపించాలి. నాన్నకి చెయ్యి వణుకు, ఆ పని రాదు. పెళ్ళైన కొత్తలో చూసి చూసి అమ్మే నేర్చుకుందట. నెగెటివ్‌లో అంతా తలకిందులు. పెన్సిల్ పెట్టినచోట కాగితం మీద తెలుపొస్తుంది, నలుపు కావాలంటే బ్లేడు మొనతో గీకాలి. అంటే కంట్లో తెల్లగుడ్డుకి పెన్సిలు, నల్లగుడ్డుకి బ్లేడు. కొంచెం ఎక్కువ గీకితే కంటికి చిల్లే, మళ్ళీ దివిసీమ వెళ్ళి ఫొటో తీసుకురావడానికి అక్కడ మనిషి ఉండడు. అందుకే అమ్మ ఆ పని వెలుతురు సరిగ్గా ఉన్నప్పుడే చేసేది. కిటికీలోకి ఎండ నేరుగా రాకముందే వంట ముగించి, పప్పు మీద మూతపెట్టి, చేతులు బూడిదతో తోముకుని బల్ల ముందు కూర్చునేది. ఏటవాలు బల్ల, మధ్యలో గాజుపలక, అడుగున తెల్లకాగితం. పెన్సిలు మొనని గరుకుకాగితం మీద సూదిలా అరగదీసేది. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ గెంతకూడదు, తలుపు దబాలున వెయ్యకూడదు. నాన్న నశ్యం పీల్చాలన్నా వీధిలోకెళ్ళి తుమ్మి రావాలి.

నాన్న తిరిగిరాగానే అమ్మ అడిగే ప్రశ్న ఒకటే. "ఆవిడ ఎలా చూసేదట?"

"చచ్చిపోయిన మనిషి ఎలా చూస్తుందే? నాకేం తెలుసు?"

"వాళ్ళవాళ్ళని అడగాల్సింది. అక్కో చెల్లెలో ఉంటే వాళ్ళ కళ్ళు తీసుకురాకపోయారా?"

అది వాళ్ళ పద్ధతి. పోయిన మనిషి తోబుట్టువుని ఎవరినైనా పక్కన నిలబెట్టి ఇంకో ఫొటో తీసేవాడు నాన్న. ఆ కళ్ళు చూసి అమ్మ ఈ కళ్ళు గీసేది. కానీ ఏడుపుల మధ్య ఎవరు నిలబడతారు? చాలాసార్లు ఉత్తచేతులతోనే వచ్చేవాడు. అలా వచ్చిన మర్నాడు పొద్దున్నే నాన్న గడ్డానికి సబ్బు రాసుకుని ఇల్లంతా తిరుగుతూ, "నా అద్దమేదే?" అని కేకలు పెట్టేవాడు. రేకు అంచున్న గుండ్రటి అద్దం అది. "పనిబల్ల మీదుంది, పనయ్యాక ఇస్తా," అనేది అమ్మ. సబ్బు ఎండిపోయి మొహం చిరచిరలాడుతుంటే ఆయన గొణుక్కునేవాడు. "బల్ల మీద అద్దమెందుకే? ఎవరికి సింగారించుకుంటావ్?" అమ్మ పలికేది కాదు. బొట్టు చెదిరిందేమో చూసుకుంటోందని నేను అనుకునేదాన్ని. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

నాంచారయ్య ఇచ్చిన పటాన్ని ఫ్రేములోంచి విప్పి స్కాన్ చేశాను. మచ్చలు తీయడానికి ముందు మొహం దగ్గరికి వెళ్ళి, తెర నిండేదాకా కళ్ళని పెద్దవి చేశాను. పెన్సిలు గీతలు తెలుస్తున్నాయి. వెంట్రుకలంత సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, ఒక్కటీ వణకలేదు. అమ్మ చేతిపనే అని సంతోషంగా చూస్తున్నాను. ఎడమ రెప్ప దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. రెప్ప అంచున చిన్న నొక్కు. మా అమ్మకి చిన్నప్పుడు పొయ్యి దగ్గర పుల్ల తగిలి ఎడమ రెప్ప మీద పడిన నొక్కు. ఆ నొక్కు వల్ల ఆ కన్ను రెండోదానికన్నా కాస్త చిన్నదిగా ఉండేది. ఇంకా దగ్గరికెళ్ళాను. నల్లగుడ్డులో వెలుగు కోసం అందరూ చిన్న చుక్క పెడతారు. ఇక్కడ చుక్క లేదు, నలుచదరంగా ఉంది, మధ్యలో నిలువుగా సన్నటి గీతలు. అవి మా బందరు ఇంటి కిటికీ ఊచలు. అద్దంలో తన కళ్ళు చూసుకుంటూ, వాటిలో కనబడిన కిటికీతో సహా గీసేసింది మహాతల్లి. సముద్రం ఒడ్డున తాటాకింటి ముందు, ఆరుబయట తీసిన ఫొటోలో కిటికీ ఎక్కణ్ణుంచి వస్తుందన్న ఆలోచన కూడా లేకుండా.

"అమ్మా," అన్నాను పైకే. స్టూడియోలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్ళూ వెతుకుతున్న చూపు నా ఎదురుగా తెర నిండా ఉంది. నాంచారయ్య నాకు చెప్పిన పని ఆ కళ్ళని తీసెయ్యమని.

రెండు రోజులు ఆ పని ముట్టుకోలేదు. "మార్చడానికి కుదరదండి, గుంపు ఫొటో మరీ చిన్నది" అని చెప్పేస్తే అయిపోతుంది, ఆయన నమ్ముతాడు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మంచంలో ఉన్న ఆ ముసలావిడ సంగతి? "ఆవిడ ఎలా చూసేదట?" అని అమ్మ అడిగే మాట చెవిలో మోగుతూనే ఉంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగల మనిషి లోకంలో ఇంకా ఒక్కరుండగా, నేను ఇక్కడ కూర్చుని అబద్ధమెలా ఆడను? నాంచారయ్యకి ఫోన్ చేసి, మీ పెద్దమ్మ కళ్ళు ఫొటో తీసుకోవాలి వస్తున్నానని చెప్పాను. కిరణ్ తన పెద్ద కెమెరా ఇవ్వబోయాడు. బరువు మొయ్యలేనని నా పాతదే మెడలో వేసుకున్నాను.

చల్లపల్లిలో బస్సు మారి, అవనిగడ్డ మీదుగా వెళ్తుంటే దారి పొడుగునా ఒకటే అనిపించింది, నాన్న ఈ దారిన ఎన్నిసార్లు వెళ్ళాడో కదా అని. ఆయన పడవెక్కిన రేవు దగ్గర ఇప్పుడు రోడ్డుంది. పడవ లేదు, ఇసుకలో నడక లేదు. పల్లెలో తాటాకిళ్ళ బదులు అన్నీ డాబాలే. గోడల మీద పటాల్లో మాత్రం ఎవరెవరో పెద్దవాళ్ళు, వాళ్ళలో ఎంతమంది మా అమ్మ కళ్ళతో చూస్తున్నారో అని ప్రతి గుమ్మంలోకీ తొంగిచూడాలనిపించింది.

పెద్దమ్మ నులకమంచం మీద గోడకి దిండు ఆనించుకుని కూర్చుంది. తొంభైకి దగ్గర్లో ఉంటుంది. మనిషి ఎండిపోయింది గానీ నోరు మాత్రం గట్టిది.

"నువ్వేనా బందరు ఫొటో ఆయన కూతురివి? మీ నాన్న చేసిన పని చూశావా? ఇన్నేళ్ళు మా ఇంట్లో పరాయిదాన్ని కూచోబెట్టాడు."

"మీ చెల్లెలు ఎలా చూసేది పెద్దమ్మగారూ?"

"అదా? అది ఎవరినీ నిటారుగా చూసేది కాదమ్మా. నవ్వొస్తే దాచుకుంటా పక్కకి చూసేది. ఈవిడ చూపు అలా కాదు. ఏదో పని మధ్యలో ఉన్నదాని చూపు. కదిలిస్తే విసుక్కునేలా ఉంటది."

మా అమ్మ గురించి అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తోబుట్టువుల కళ్ళు చూసి గీసే పద్ధతి, అవి దొరకనప్పుడు అమ్మ అద్దం తీసుకోవడం, రెప్ప మీద నొక్కు, కిటికీ, అంతా. నాంచారయ్య గుమ్మం పట్టుకుని వింటున్నాడు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అడిగాడమ్మా మీ నాన్న. 'అమ్మా, నువ్వు కాసేపు ఇలా నిలబడు, నీ కళ్ళు కావాలి' అన్నాడు. నా చెల్లి అక్కడ పడుంటే నాకు ఫొటో ఏంట్రా సచ్చినోడా అని చీపురు తీసుకుని వెంటబడ్డాను. ఆయన కెమెరా ఎత్తుకుని ఇసకలో పరిగెత్తాడు." ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. "నేనివ్వకపోతే పాపం మీ అమ్మ ఇచ్చింది. ఆ తల్లిని ఎన్ని తిట్లు తిట్టానో."

"తిట్టినా పలికే మనిషి కాదులెండి మా అమ్మ," అన్నాను నేనూ కళ్ళు తుడుచుకుంటూ.

"అప్పుడివ్వాల్సినవి ఇప్పుడిస్తున్నా. తియ్యి," అని మంచం మీదే నిటారుగా కూర్చుంది. కళ్ళలో పొర వచ్చేసింది, అయినా ఆకారం పోలేదు. కాస్త దూరందూరంగా, చివర కిందికి వంగిన కళ్ళు. గుంపు ఫొటోలో మినపగింజంత మొహంలో ఉన్నవీ అవే.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాను. ఎన్నో ఏళ్ళ తర్వాత విసుగు లేకుండా చేసిన పని అది. యాప్ జోలికి పోలేదు. కిరణ్ వెనక నిలబడి "ఒక్క నొక్కుకి అయ్యేదానికి ఇన్ని రోజులా అమ్మా" అన్నా ఊరుకున్నాను. గుంపు ఫొటోలోంచి చూపు తీసుకున్నాను, పెద్దమ్మ దగ్గర్నుంచి కంటి గీత తీసుకున్నాను, పొరలు తీసి, వయసు తగ్గించి, తిరపతమ్మని కాస్త పక్కకి చూసేలా చేశాను. ఆవిడ కంట్లో కిటికీ తీసేసి ఆకాశం వెలుగు పెట్టాను. అమ్మ కళ్ళని చెరిపెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. వాటిని జాగ్రత్తగా విడిగా కత్తిరించి పక్కన పెట్టుకున్నాను.

నాంచారయ్య వచ్చి కొత్త పటం చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు.

"బాగుందాండీ?" అన్నాను భయం భయంగా.

"ఏం చెప్పనండీ. అమ్మ ఇలా ఉండేదని ఇప్పుడే తెలుస్తోంది. కొత్తగా ఉంది." బల్ల మీదున్న పాత పటం వైపు తిరిగాడు. "వేటకెళ్ళేటప్పుడు ఆ కళ్ళకే చెప్పి వెళ్ళేవాణ్ణి. తుఫాన్లో పడవ తిరగబడ్డప్పుడు కూడా నాకు కనబడ్డవి ఆ కళ్ళేనండి."

పాత పటం అడగాలని నా మనసులో ఉంది. ఆయన తువ్వాల్లో దాన్ని మళ్ళీ జాగ్రత్తగా చుట్టుకోవడం చూసి ఇక అడగలేకపోయాను. ఆయనకే అర్థమైంది.

"మీ అమ్మగారి కళ్ళు మీరు తీసుకోండమ్మా, మీ కంప్యూటర్లో ఉన్నాయి కదా. ఈ పటం మాత్రం నాకుండనివ్వండి. ఇన్నాళ్ళూ నన్ను చూసుకున్నావిడ. కొత్తావిడ వచ్చిందని ఎలా పంపించేస్తానండీ?"

రెండు పటాలూ పట్టుకుని బస్సెక్కాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. పెద్దమ్మ పటం ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమిందట. "ఇప్పుడు అదేరా," అందట. "చూపు ఆనడం లేదండి ఆవిడకి. కనబడి అందో, నా మొహం చూసి అందో తెలీదు. కానీ నిద్రపోయింది హాయిగా," అన్నాడు. ఇంత చేస్తే చివరికి ఇంతే తెలుస్తుంది. మా పనిలో ఎప్పుడూ అంతే.

ఫోన్ పెట్టేశాక అమ్మ ఫొటో తెరిచాను, పనిబల్ల ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నది. విడిగా దాచుకున్న కళ్ళు తెచ్చి పెట్టి చూశాను. సరిచెయ్యడానికి ఏమైనా ఉంటే కదా. వయసు అదే, ఎడమ రెప్ప నొక్కు దాని చోటికి అదే వెళ్ళి కూర్చుంది. వెలుగు కూడా మార్చాల్సిన పని లేకపోయింది, రెంటిలోనూ అదే కిటికీ. పెన్సిలు గీతలు నున్నగా చెయ్యబోయి మానేశాను. ఉండనీ, అవి ఆవిడ చేతి గీతలు.

మర్నాడు కిరణ్ షూటింగు నుంచి వచ్చి, కెమెరా బ్యాగు భుజాన ఉండగానే హాల్లో ఫ్రేము ముందు ఆగిపోయాడు.

"అమ్మమ్మ కళ్ళు తెరిచింది! ఏ యాప్‌తో చేశావమ్మా?"

"యాపూ లేదు, నేనూ కాదు. మీ అమ్మమ్మ తన చేత్తో తనే గీసుకుందిరా."

వాడు బ్యాగు కింద పెట్టి ఆవిడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ కూడా, పని మధ్యలో తలెత్తి, వాడి వైపే చూస్తోంది.